చేసినవాడికి తిరుగు టపాలో

జనవరి 9

ఒరేయ్ వంకలరాయుడూ,

నీ ఉత్తరం అందింది. గొడుగుకి మూడు మార్కులే వేశావు. అన్యాయంరా. ఎదురుగాలికి గొడుగు తిప్పి పట్టుకున్నవాడిది తప్పు గానీ గొడుగుది కాదు. నాన్న ఉంటే నీకే మూడు వేసేవాడు.

మొన్న అటక సర్దుతుంటే నాన్న నోటుబుక్కు దొరికింది. మొదటి పేజీలో మన ఆట నియమాలు ఆయన గుండ్రటి అక్షరాల్లో అలాగే ఉన్నాయి. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువుకీ పదికి మార్కులు వెయ్యాలి. తీర్పు కాగితం మీద రాయాలి, నోటిమాట చెల్లదు. ఐదు దాటితే ఉంచుకోవాలి. ఐదుకి తక్కువైతే కారణం రాసి, చేసినవాడికి తిరుగు టపాలో పంపాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ విసుక్కునేది. పాపం ఆయన హార్డువేరు షాపులో రోజంతా ఎవరో చేసిన వస్తువుల్ని పొగిడి పొగిడి అమ్మి, ఇంటికొచ్చి ఆ కసి తీర్చుకునేవాడనుకుంటా. దువ్వెన సంగతి గుర్తుందా? పళ్ళు గుచ్చుకుంటున్నాయని తిప్పి పంపితే ఆ కంపెనీవాళ్ళు మర్యాదగా రెండు డజన్ల దువ్వెనలు పంపారు. అన్నీ అవే పళ్ళు. నాన్న రెండు డజన్లూ మళ్ళీ కట్టగట్టి పంపేశాడు. జన్మలో ఆయన పదికి పది వేసింది ఒక్క పిన్నీసుకే.

సరే, ఈసారి నా వంతు. వస్తువు: మందుసీసా మూత. మార్కులు: ఒకటి. ఆ ఒకటీ రంగు బాగుందని. నొక్కి తిప్పాలట. నొక్కితే తిరగదు, తిప్పబోతే నొక్కు వదిలేస్తుంది. చిన్నపిల్లలు తెరవకూడదని అలా చేశారని పక్కన రాసి ఉంది. జబ్బుపడ్డవాళ్ళు తెరవాలా వద్దా అన్నది మాత్రం ఎవరికీ తట్టినట్టు లేదు. చివరికి నేను గడియారాలు బాగుచేసే షాపులో, వాటి వెనక మూత తీసే పరికరంతో తీశాను.

నీకు మందులెందుకు అంటావు. ఎవరో ఒకరికి చెప్పకపోతే నా వల్ల కావడం లేదు కాబట్టి చెప్తున్నాను. నా చేతులు వణుకుతున్నాయిరా. ఎనిమిది నెలలైంది. కుడిచెయ్యి ఎక్కువ. ప్రాణానికేమీ కాదన్నాడు నరాల డాక్టరు. పూర్తిగా పోదని కూడా అన్నాడు. చిత్రం ఏమిటంటే పని చేసేటప్పుడు వణకదు. ముంజేతి కింద చిన్న ఇసుక సంచి కుట్టి పెట్టుకున్నాను. మణికట్టుకి ఆ ఆనింపు దొరికితే చాలు, వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టుకుని అరగంట కూచోగలను. ఆనింపు లేకుండా దేన్నైనా గాల్లోకి ఎత్తితే మొదలవుతుంది. గ్లాసెడు నీళ్ళు తాగాలంటే చుట్టుపక్కల ఎవరూ లేని టైము చూసుకుంటాను.

మీ బావకి చెప్పలేదు. రైలు డ్యూటీలో వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండడు కాబట్టి నడుస్తోంది. చెప్తే రేపే పని మానెయ్యమంటాడు. షాపులో అసలు తెలియకూడదు. చేతులు వణికే మనిషికి గడియారం ఎవరిస్తారు చెప్పు? నీ కడుపులో పెట్టుకో. ఇంటి గుట్టు లంకకు చేటు.

ఉంటాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని వాటికీ మార్కులు వెయ్యకు.

నీ అక్క


జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మూత దగ్గర నవ్వాను. రెండోసారి నవ్వలేకపోయాను. చిన్నప్పుడు నా వేలిలో విరిగిన ముల్లుని నువ్వు తీసిన తీరు గుర్తొచ్చింది. నొప్పి తెలియకముందే అయిపోయింది. అప్పట్నుంచే కదా నువ్వు పట్టకారు అక్కవి అయ్యావు. ఆ చేతులకా ఇలా అనుకుంటే రోజంతా పని మీదికి మనసు పోలేదు.

నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. బావగారికే కాదు, నా నీడకి కూడా చెప్పను. ఇది మాట. నోటిమాట చెల్లదంటావని కాగితం మీద పెడుతున్నాను, సంతకం కూడా చేస్తున్నాను చూడు.

ఇక నా తీర్పు. వస్తువు: షాంపూ ప్యాకెట్టు. మార్కులు: రెండు. "ఇక్కడ చింపండి" అని బాణం గుర్తు వేస్తారు. ఆ బాణం దగ్గర తప్ప ఇంకెక్కడైనా చిరుగుతుంది. తడి చేతులతో వాడే వస్తువుని పొడి చేతులతో ఆఫీసు బల్ల దగ్గర కూచుని గీశారన్నమాట. దీన్ని చేసినవాడు ఒక్కసారి దాంతో తలంటుకున్నా ఇలా చేసేవాడు కాదు. రెండోది, మా అద్దింటి స్విచ్‌బోర్డు. ఆరు స్విచ్‌లు, ఆరూ కవలపిల్లల్లా ఉంటాయి. చుట్టమొచ్చి ఫ్యాను వెయ్యబోతే గుమ్మం లైటు వెలుగుతుంది, గంట మోగుతుంది, చివరికి ఆయన చెమటలు తుడుచుకుంటూ కూచుంటాడు. దీనికి నాలుగు. గోడకి బిగించేశారు కాబట్టి తిప్పి పంపలేను.

ఆఫీసులో నాకు కొత్త టీ కెటిల్ గీసే పని అప్పగించారు. మా డ్రాయింగు సెక్షను పెద్దాయన "కెటిల్లో కొత్తగా చెయ్యడానికి ఇంకేముందోయ్, రంగు మార్చు చాలు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు టీ ఎలా వంచుకుంటున్నావు? సిగ్గుపడకుండా వివరంగా రాయి. నా అక్క ఒలకకుండా టీ వంచుకోలేని కెటిల్ని నేను గీయను.

నీ తమ్ముడు
(సంతకం చూశావుగా)


ఫిబ్రవరి 3

ఒరేయ్ వంకలరాయుడూ,

నీ సంతకం చూశాను. బ్యాంకులో కూడా అంత శ్రద్ధగా పెట్టి ఉండవు.

టీ సంగతి అడిగావు. మూడు నెలలు బల్లమీదా చీరమీదా పోసుకున్నాక నాకే ఒక ఉపాయం తట్టింది. పాడైపోయిన గోడగడియారం చెక్కపెట్టె ఒకటి ఇంట్లో పడి ఉంది. దాని రెండు పక్క చెక్కలూ ఊడదీసి నిలబెట్టి, మధ్యలో కెటిల్ని రెండువైపులా చిన్న ఇరుసుల మీద వేలాడదీశాను. ఊయల అనుకో. ఎత్తక్కర్లేదు. వేలితో పిడిని కొంచెం ముందుకి వంచితే టీ పడుతుంది, వదిలేస్తే దాని బరువుకి అదే వెనక్కి వస్తుంది. ఇరుసు ఎక్కడ బిగించాలన్నదే కిటుకు. మరీ పైన పెడితే వంగదు, మరీ కింద పెడితే మొత్తం బోర్లా పడుతుంది. గడియారంలో చక్రాన్ని తూకం వేసినట్టే వేశాను. నీకు పనికొస్తే వాడుకో. నాదీ నీదీ ఏముంది.

మీ బావ దాన్ని చూసి "ఏమిటీ సర్కసు" అన్నాడు. షాపులో పని ఎక్కువై నీకు పిచ్చి ముదిరిందన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను.

అసలు కబురు ఇది. మా షాపాయనకి కళ్ళు తగ్గాయి. కిటికీ దగ్గర బల్లని ఎవరికో ఒకరికి అప్పగించి పక్కకి తప్పుకుంటానంటున్నాడు. ఆ బల్ల అంటే నీకు అర్థం కాదేమో. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వెలుతురు నేరుగా చేతుల మీద పడుతుంది. ఆ బల్ల దగ్గర కూచున్నవాళ్ళే షాపు. ఇరవై ఆరేళ్ళుగా నేను ఆయనకి ఎదురుగా రెండో బల్ల దగ్గర, ట్యూబులైటు కింద కూచున్నాను. కౌంటర్లో బ్యాటరీ గడియారాలు అమ్మే ఆయన మేనల్లుడికీ ఆశ ఉంది గానీ, వాడికి స్ప్రింగు విప్పితే మళ్ళీ చుట్టడం రాదు. ఆయన మనసు నా మీదే ఉంది. నిన్న ప్రదర్శనల హాల్లో పెద్ద గడియారానికి కీ ఇచ్చి వస్తూ (వారం వారం ఆయనే వెళ్తాడు, ఇంకొకర్ని దాని మీద చెయ్యి వెయ్యనివ్వడు) "ఆ నిచ్చెన కూడా ఇక నువ్వే ఎక్కాలమ్మా" అన్నాడు. బల్ల చేతికొచ్చి, నాలుగు నెలలు నా పని జనం చూశాక ఆయనకి నేనే ఇసుక సంచి చూపించి చెప్తాను. నా నోటితో, నా టైములో చెప్తాను. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

మొన్న ఫోన్లో చేతులు కొలుచుకోవాలి, ఫోటోలు తీసుకోవాలి అన్నావు. రా. మీ బావ డ్యూటీలో ఉన్న రోజు చూసి రా. చేతులు మాత్రమే తీసుకో. మొహం వద్దు, పేరు వద్దు.

తీర్పు: ఇసుక సంచి. కుట్టింది నేనే కాబట్టి మార్కులు వేసుకోకూడదు. నువ్వొచ్చి వెయ్యి.

నీ అక్క


ఏప్రిల్ 12

అక్కా,

ఆ రోజు మీ వంటింట్లో గడిపిన మూడు గంటలూ ఇంకా కళ్ళముందే ఉన్నాయి. నీ ఊయల ముందు కూచుని నువ్వు నాలుగు కప్పులు వంచావు, ఒక్క చుక్క పడలేదు. ఇసుక సంచికి తొమ్మిది వేశాను. ఒకటి ఎందుకు తగ్గిందో చెప్పలేదు కదా. కుట్టు వంకర. నా పేరు నిలబెట్టుకోవాలిగా.

కెటిల్ తయారైంది. నీ చెక్కల బదులు స్టీలు కమ్మీ, ఇరుసు నువ్వు చెప్పిన చోటే. నమూనా ఒకటి ఈ ఉత్తరంతోపాటే పార్శిల్లో వస్తోంది. పెద్దాయన ముందు పెడితే ముందు తనే రెండుసార్లు వంచి చూశాడు. తర్వాత కిందా పైనా ఉన్న సెక్షన్లవాళ్ళందర్నీ పిలిచి ఒక్కొక్కరి చేతా వంచించాడు. పదేళ్ళ ఉద్యోగంలో నేను గీసిన గీత కోసం జనం గుమిగూడటం ఇదే మొదలు.

దీన్ని ప్రదర్శనకి ఎంపిక చేశారు. నాలుగు ఊళ్ళు తిరిగి మే నెలలో మీ ఊరి హాలుకే వస్తుంది. వస్తువుని ఊరికే అద్దాలపెట్టెలో పెడితే జనానికి పట్టదు, అది ఎవరి కోసం పుట్టిందో చెప్పమన్నారు. నేను నా పద్ధతిలో చెప్పాను. ఇప్పుడే అడక్కు. నువ్వు వెళ్ళి చూడు. గుండె నిండుతుంది.

నీ తమ్ముడు


ఏప్రిల్ 25

ఒరేయ్ వంకలరాయుడూ,

పార్శిలు విప్పి ముందు కడిగాను, తర్వాత పొయ్యి మీద పెట్టాను, తర్వాత కాసేపు ఏడ్చాను. ఆ వరసలోనే. నేను చెక్కముక్కలతో కట్టిన బొమ్మని నువ్వు ఇంత నాజూకుగా తీర్చావు. పిడి చుట్టూ నా నాలుగు వేళ్ళూ ఎక్కడ కూచోవాలో అక్కడే కూచున్నాయి. నిన్న మీ బావ ఎదురుగా, పక్కింటావిడ ఎదురుగా ముగ్గురికీ నేనే వంచాను. ఈ పదకొండు నెలల్లో, నువ్వు కాక ఇంకొకరి ఎదుట నేను టీ వంచడం ఇదే. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ తెలియకపోవడం కోసం నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను.

తీర్పు: ఎనిమిది. రెండు ఎక్కడ పోయాయంటే, మూతకి నువ్వు పెట్టిన గుండీ శనగగింజంత ఉంది. ఆవిరికి తడిసిందంటే నా వేళ్ళకి దొరకదు. దాన్ని మార్చు, అప్పుడు చూద్దాం.

షాపాయన నోరు తెరిచి చెప్పేశాడు. జూన్ ఒకటి నుంచి కిటికీ బల్ల నాది. పనిలో కంటికి పెట్టుకునే భూతద్దం కూడా తనది ఇస్తానన్నాడు. మేనల్లుడు రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. నాకు జాలేసింది గానీ ఎక్కువ కాదు.

ప్రదర్శనకి వీలు చూసుకుని తప్పకుండా వెళ్తాను. గుండె నిండుతుందన్నావు, నా గుండె ఇప్పటికే కెటిల్‌తో నిండి ఉంది.

నీ అక్క


మే 14

తమ్ముడూ,

ఆదివారం హాలుకి వెళ్ళాను. చూశాను.

నాది తీసుకెళ్ళి గోడకెక్కించావు. ముందు నన్ను ఒక్క మాట అడగాలని తోచలేదా? అది నాదని, దాని మీద నాకు ఒక హక్కుందని నీకు ఎక్కడా అనిపించలేదా? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

ఇక ఆట వద్దు.

అక్క


మే 21

అక్కా,

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. రెండు రోజులు ఆలోచించాను. నీకు కోపం రావడంలో న్యాయం ఉంది. నేనే గుడ్డివాణ్ణి.

ఊయల నీది. ఇరుసు ఎక్కడ బిగించాలో చెప్పిన తెలివి నీది. గోడ మీద మాత్రం కంపెనీ పేరుంది, కింద చిన్న అక్షరాల్లో నా పేరుంది, నీ పేరు లేదు. "నాదీ నీదీ ఏముంది" అని నువ్వు ఒక మాట రాశావని దాన్ని పట్టుకుని నేను హాయిగా కూచున్నాను. మొహం వద్దు, పేరు వద్దు అన్నావు కాబట్టి మొహం పెట్టలేదు, పేరు పెట్టలేదు, మాట నిలబెట్టుకున్నానని గర్వపడ్డాను కూడా. కానీ పొగడ్తలన్నీ నాకొచ్చి, నువ్వు జనంలో నిలబడి నీ పనిని ఎవరో పరాయిదానిలా చూస్తుంటే నీకెలా ఉంటుందో ఆలోచించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా పట్టుకోవాలి కదా.

అందుకే సరిదిద్దాను. నిర్వాహకులతో మాట్లాడి బోర్డు మార్పించాను. ఫోటో పక్కనే ఇప్పుడు నీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఊరికే పేరు కాదు, నీ షాపు పేరు కూడా. ఈ ఊయల ఆలోచన పూర్తిగా ఆవిడదే అని రాయించాను. పెద్దాయన ఒప్పుకోవడానికి మూడు రోజులు పట్టింది, నేను వదల్లేదు. పదిహేను రోజులు ఇంకా ఉంటుంది ప్రదర్శన. ఊరంతా చూస్తుంది.

మూత కూడా మార్చాను. గుండీ తీసేసి వేలు దూరేంత వంపు పెట్టాను. కొత్త మూత పార్శిల్లో పంపుతున్నాను. దీనికైనా మార్కులు వెయ్యి. తిట్టు, కానీ ఆట ఆపకు.

నీ తమ్ముడు


జూన్ 8

తమ్ముడూ,

కొత్త మూత వచ్చింది. ఆఖరున చెప్తాను దాని సంగతి. ముందు జరిగింది వరసగా చెప్తాను. నిన్న కోపంతో రాసిన ఉత్తరం చింపేశాను. కోపంలో సగమే చెప్తాను, ఆ సగాన్ని పట్టుకుని నువ్వు ఇంకేదో చేస్తావు.

మే ఏడో తారీకున షాపాయన హాలు గడియారానికి కీ ఇవ్వడానికి వెళ్ళాడు. తిరిగొచ్చాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నేను విప్పి పెట్టుకున్న ఆడవాళ్ళ చేతిగడియారాన్ని ట్రేతో సహా తన బల్ల మీదికి జరుపుకుని "ఇది నేను చూస్తాలేమ్మా" అన్నాడు. ఆయన కళ్ళకి అది కనిపించదని ఇద్దరికీ తెలుసు. మర్నాడు నాకు పట్టీలు మార్చే పని ఇచ్చాడు. ఆ మర్నాడు బ్యాటరీలు. నేనేం తప్పు చేశానా అని మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఆదివారం నీ మాట గుర్తొచ్చి, కాస్త మనసు తేలికపడుతుందని హాలుకి వెళ్ళాను. మంచి చీర కట్టుకుని వెళ్ళానురా.

గోడంత ఫోటో. నా రెండు చేతులు. మొహం లేదు, పేరు లేదు, నిజమే. ఎడమ బొటనవేలి గోరు మీద గడియారం మూతలు తీసి తీసి పడిన గాడి ఉంది. చూపుడువేలి మీద ఆసిడు మచ్చ ఉంది. ఇరవై ఆరేళ్ళు మూడడుగుల దూరంలో ఆ చేతుల్నే చూస్తూ కూచున్న మనిషికి నా మొహం దేనికి? నా మొహం కంటే నా చేతులే ఆయనకి ఎక్కువ తెలుసు. నీకు హాలు గడియారం సంగతి రాశాను. వారం వారం ఆయనే వెళ్తాడని రాశాను. ఇరుసు ఎక్కడ బిగించాలో రాసిన అదే కాగితం మీద రాశాను. నీకు పనికొచ్చిన వాక్యాలు చదువుకుని మిగతావి వదిలేశావు.

ఫోటో కింద నా జనవరి ఉత్తరంలోని వాక్యం. నా రాతలోనే, మూరెడు అక్షరాల్లో, ప్రతి వంకరా కనిపించేలా. "గ్లాసెడు నీళ్ళు తాగాలంటే చుట్టుపక్కల ఎవరూ లేని టైము చూసుకుంటాను." దాని కింద నీ మాటలు: ఈమె గడియారాలు బాగుచేస్తుంది, ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు అని. ఎవరికీ తెలియదన్న సంగతిని గోడ మీద రాసి ఊరందరికీ చెప్పావు. నా ముందు నిలబడ్డ ఒకావిడ అది చదివి "పాపం" అంది. నేను వెనకే ఉన్నాను. చేతులు కొంగులో దాచుకున్నాను.

నేను రాసిన "నాది" అంటే అది. నా వణుకు. నా గుట్టు. ఊయల కోసం నేను ఏడుస్తాననుకున్నావా? ఆ ఊయల నీకు ఎప్పుడో ఇచ్చేశాను. నన్ను ఇన్నేళ్ళుగా ఎరిగినవాడివి, పేరు కోసం అలుగుతానని ఎలా అనుకున్నావు? నీకు పేరంటే ఇష్టం కాబట్టి అనుకున్నావు.

అయినా మే పద్నాలుగు నాటికి ఇంకా కొంచెం మిగిలి ఉంది. చూసింది షాపాయన ఒక్కడే. ఆయన ఎవరితోనూ అనలేదు. ఒకరోజు కూచోబెట్టి మాట్లాడదామనుకున్నాను. ఇసుక సంచి చూపిద్దామనుకున్నాను. ఈలోపు నువ్వు సరిదిద్దావు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నా పేరు, షాపు పేరు, పెద్ద అక్షరాల్లో.

మూడో రోజు ఒకాయన వచ్చి తన తండ్రిగారి గడియారం విప్పకముందే తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. మర్యాదగానే అడిగాడు. తర్వాత ఒకావిడ, బాగుచేసి ఇచ్చిన గడియారాన్నే చెవి దగ్గర పెట్టుకుని "ఇది ఎవరు చేశారండీ" అంది. నేనే చేశాను. అది సెకను తేడా లేకుండా నడుస్తోంది. షాపాయన "నేనే చేశానమ్మా" అన్నాడు. నన్ను కాపాడటానికి అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో నా పనిని ఆయన తనదని చెప్పడం అదే మొదలు.

ఆ సాయంత్రం షట్టరు సగం దించి నాతో మాట్లాడాడు. ఇసుక సంచి వేసుకుని ఆయన ఎదుటే ఒక స్ప్రింగు విప్పి చుట్టి చూపించాను. చెయ్యి కదల్లేదు. ఆయన చూశాడు. "నువ్వు చేస్తావని నాకు తెలుసమ్మా, వచ్చేవాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడు. మళ్ళీ ఆయనే "ఇన్నేళ్ళు ఎదురుగా కూచున్నాను, నాతో ఒక్క మాట అనలేకపోయావా? గోడ మీద చదువుకోవాల్సొచ్చింది" అన్నాడు. నువ్వు నాకు చేసిందే నేను ఆయనకి చేసినట్టయింది.

జూన్ ఒకటిన కిటికీ బల్ల దగ్గర మేనల్లుడు కూచున్నాడు. నేను కౌంటర్లో బ్యాటరీలు మారుస్తున్నాను.

మీ బావకి రైల్లో తోటి గార్డు చెప్పాడట, మీ ఆవిడ పేరు బోర్డు మీద చూశాను అని. ఇంటికొచ్చి అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. అప్పట్నుంచి నాకు నీళ్ళు ఆయనే తెచ్చిస్తున్నాడు. గ్లాసులో సగం వరకే పోసి తెస్తాడు. ఆ సగం గ్లాసు చూసినప్పుడల్లా నీ మీద పట్టరాని కోపం వస్తుంది.

ఏప్రిల్లో నాకు ఇచ్చిన దాన్ని మేలో తీసేసుకున్నావు తమ్ముడూ. కెటిల్ వల్ల ఎవరికీ ఏమీ తెలియలేదని సంబరపడి నీకే రాశాను. ఆ సరికే నువ్వు నాలుగు ఊళ్ళ గోడల మీద రాయించి ఉన్నావు. చెడ్డవాడివి కాదని తెలుసు. నా మీద ప్రేమ లేదనీ అనను. నీకు వస్తువు ముఖ్యం. వాడే మనిషి కష్టం తెలిస్తేనే వస్తువు బాగుపడుతుందని నువ్వే అంటావు. తెలుసుకున్నావు, బాగుపడింది. ఆ తర్వాత మనిషి ఏమైపోయిందో చూడలేదు.

ఆట వద్దన్నాను గానీ రెండు తీర్పులు బాకీ ఉన్నాయి. నాన్న నియమం ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను.

వస్తువు: టీ కెటిల్, కొత్త మూతతో. పది రోజులు వాడాను. ఒలకలేదు, కాలలేదు, వేలు జారలేదు. పదికి పది. నాన్న నోటుబుక్కులో పిన్నీసు పక్కన రాశాను. ఇది నా ఇంట్లోనే ఉంటుంది.

వస్తువు: జనవరి 20 నాటి నీ ఉత్తరం, సంతకంతో సహా. మార్కులు: సున్నా. కారణం: చూడ్డానికి బాగుంది, బరువు మోపగానే విరిగింది. చేసినవాడికి ఈ కవర్లోనే తిప్పి పంపుతున్నాను.

దీని బదులు ఇంకొకటి రాసి పంపకు. దువ్వెనల సంగతి గుర్తుందిగా.

అక్క